కుడి ఒడ్డు కొలతలు

నవాగామ్, సూరత్
మార్చి 9

పెద్దమ్మకు,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మా ఇల్లు నువ్వు చూశావు కదా, ఒకే గది, పైన అటక. నేను ఫోన్‌లో మాట్లాడితే అమ్మ వింటుంది, నాయనమ్మ కనకవ్వ వింటుంది, గోడ అవతల లక్ష్మీరాజం మామ ఇంట్లో వాళ్ళూ వింటారు. బాపు రాత్రి పాళీ చేసొచ్చి పగలు పడుకుంటాడు, ఆయన నిద్ర చెడుతుంది. ఉత్తరమైతే ఆ బాధ లేదు.

నీటి కొలతల శిక్షణలో చేరిన సంగతి అమ్మ చెప్పే ఉంటుంది. ఏడాది కోర్సు. మానేరు మీద ఇరవై ఆరేళ్ళుగా నీటిమట్టం గేజి చదివే పెద్దమ్మ ఉందని చెప్పబట్టే నాకు సీటు వచ్చిందని భావన ఏడిపిస్తుంది. భావన నాతోపాటే చేరింది. వాళ్ళ నాన్నది రైల్వేలో ఉద్యోగం, ఆల్థాన్‌లో ఉంటారు. మా ఇద్దరినీ ఒక జట్టు చేసి, శిక్షణ ఇచ్చే రవీంద్ర సార్ రెండు పనులు అప్పగించారు. ఒకటి జోల్వాలో ఆరు బోర్లు. రెండోది మా ఇళ్ళ వెనుక ఖాడీ, అదే ఆ మురికి వాగు.

బోర్ల పని నాకు నచ్చింది. ఉక్కు టేపు చివర సుద్ద రాసి గొట్టంలోకి దింపుతాం. పైకి లాగితే సుద్ద ఎక్కడిదాకా తడిసిందో అక్కడ నీళ్ళున్నట్టు. మోటారు నడుస్తుంటే మట్టం దిగిపోయి తప్పు లెక్క వస్తుంది కాబట్టి గంట ముందు ఆపాలి. బట్ట నేసే సాంచాల కార్ఖానా కాపలాదారు "గంటసేపు మోటార్ బంద్ జేస్తే సేఠ్ నన్ను బంద్ జేస్తడు" అన్నాడు. చివరికి భోజనాల వేళ ఆపాడు.

ఖాడీ అంటేనే నాకు పడదు. పదమూడు మీటర్ల వెడల్పు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తాడు కట్టి, మీటరుకొక చోట ఆగి, కర్రతో లోతు చూడాలి, నీళ్ళ వేగం కోసం గిన్నెల చక్రం ముంచి అది నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. మొత్తం పన్నెండు చోట్లు. నీళ్ళు నల్లగా ఉంటాయి, అడుగు కనపడదు. నాకు మూడేళ్ళప్పుడు వచ్చిన వరదలో నన్ను అటక మీద కూర్చోబెట్టారట. నాకేమీ గుర్తులేదు, కానీ మోకాలు దాటి నీళ్ళొస్తే ఇప్పటికీ ఊపిరి ఆడదు.

అయినా కొలిచాను. ఆ రోజు పని త్వరగా తెమలాలని భావన జోల్వా వెళ్ళింది, ఖాడీ నా వంతు. పట్టిక నకలు పంపుతున్నాను. నువ్వు చూసి బాగుందంటే చాలు.

నీ
నీరజ


గేజి గది, మానేరు ఒడ్డు
మార్చి 20

బిడ్డా నీరజా,

పోస్టుమ్యాన్ నా పేరు పిలిచేసరికి మీ పెద్దనాన్న ఎవరో కోర్టుకెక్కారనుకుని పంపుసెట్టు దగ్గరికి జారుకున్నాడు. నీ ఉత్తరమని తెలిశాక వచ్చి, నాకంటే ముందు ఆయనే చదివాడు.

సుద్ద టేపు సంగతి రాశావు, బాగుంది. ప్రతిసారీ గొట్టం అంచున ఒకే చోటి నుంచి కొలవండి, ఆ చోట రంగుతో చుక్క పెట్టండి. ఖాడీలోకి మాత్రం ఒంటరిగా దిగావని రాశావే, అది చదివి నా గుండె జారింది. ఇంకోసారి అలా చేస్తే నేనే రైలెక్కి వచ్చి నీ చెవి మెలిపెడతాను. ఒడ్డున మనిషి లేకుండా నీళ్ళలో కాలు పెట్టకూడదు. భయం ఉన్నవాళ్ళు అసలే పెట్టకూడదు.

పట్టిక చూశాను. ఎడమ ఒడ్డు నుంచి మొదటి చోట లోతు నలభై రెండు సెంటీమీటర్లు, పన్నెండో చోట కూడా నలభై రెండు. రెండో చోట యాభై అయిదు, పదకొండో చోట యాభై అయిదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. వేగాలూ అంతే. ఇలాంటి వాగు నేనింతవరకు చూడలేదు. మీ ఖాడీకి రెండు వైపులా సిమెంటు కట్టారా? అడుగున కూడా గచ్చు చేశారా? నాకు తెలియక అడుగుతున్నాను, రాయి.

పెద్దమ్మ
పద్మారాణి


నవాగామ్
ఏప్రిల్ 6

పెద్దమ్మకు,

పెద్దనాన్న పారిపోయిన సంగతి అమ్మకు చదివి వినిపిస్తే పడీపడీ నవ్వింది.

ఇక్కడ పెద్ద విశేషం జరిగింది. మా గల్లీ వెనుక నేను కొలిచిన చోటికి యాభై అడుగుల దిగువన కల్వర్టు ఉంది. నా పట్టికనూ, ఒడ్డు ఎత్తులనూ కలిపి రవీంద్ర సార్ లెక్క కట్టారు. కల్వర్టు స్తంభం మీద ఒక ఎత్తు చూపించి అక్కడ గీత గీయమన్నారు. వానల్లో నీళ్ళు ఆ గీతను తాకితే గల్లీ ఖాళీ చేయాలి. తాకాక కూడా రెండు గంటల వ్యవధి ఉంటుందట. ఆ గీత కింద ఉన్నంతవరకు భయం లేదని మునిసిపాలిటీ వాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

గీత బాపే గీశాడు. పాళీ నుంచి వచ్చి పడుకోకుండా ఎర్ర రంగు డబ్బా పట్టుకుని వెళ్ళాడు. చుట్టూ చేరిన వాళ్ళతో "నా బిడ్డ నీళ్ళల్లకు దిగి కొల్చిన లెక్క ఇది. నీళ్ళంటే దానికి ఎంత భయమో మీకెర్కనే" అన్నాడు. లక్ష్మీరాజం మామ "గట్లయితే ఈసారి మేం నిమ్మళంగ పడుకుంటం" అన్నాడు. ఇరవై మూడు ఇళ్ళు పెద్దమ్మా. నాయనమ్మ కూడా ఉత్తప్పుడు మంచం దిగనిది, నడిపించుకుని వెళ్ళి గీత చూపించమంది.

జోల్వా బోర్లలో నీళ్ళు నెలలోనే రెండు మీటర్లు దిగాయి. గొట్టాలకు నువ్వు చెప్పినట్టే చుక్కలు పెట్టాం. ఎండలు మండిపోతున్నాయి. ఇంకేం రాయాలో తోచడం లేదు.

నీరజ


గేజి గది, మానేరు ఒడ్డు
ఏప్రిల్ 17

నీరజా,

నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. మీ అమ్మ నవ్విన సంగతి రాశావు, ఎండల సంగతి రాశావు.

మనం నేత నేసే ఇంట్లో పుట్టాం. చీరకు ఎడమ అంచు ఎలా ఉంటే కుడి అంచూ అలాగే ఉండాలని మనకు ఉగ్గుపాలతోనే నేర్పారు. ఒక అంచు చూస్తే రెండోది చూడనక్కర లేదనుకుంటాం. వాగును ఎవరూ నేయలేదు నీరజా. దానికి రెండు అంచులూ ఒకలా ఉండవు.

నిన్ను నిలదీయడానికి నాకు యోగ్యత లేదు, అందుకే ఇది రాస్తున్నాను. మీ పెద్దనాన్నకు తప్ప ఎవరికీ తెలియదు. పందొమ్మిదేళ్ళ కిందట శ్రావణంలో ఒక పొద్దున వాగు మెట్ల దాకా వచ్చింది. గేజి చూడాలంటే ఆరు మెట్లు దిగాలి. నేను దిగలేదు. భయమేసింది. వరండాలో నిలబడి, నిన్నటి అంకెకు ఇంత కలిపి రాసేశాను. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ అడగలేదు. ఆ అంకె పై ఆఫీసుకు వెళ్ళింది, అచ్చయిన పుస్తకంలోనూ ఉంది. తరువాత నాలుగేళ్ళకు దిగువన వంతెన కట్టారు. దాని ఎత్తు నిర్ణయించేటప్పుడు ఆ పుస్తకం చూసే ఉంటారు. ఆ వంతెన మీది నుంచి బజారు మూడు కిలోమీటర్లు. నేను పదకొండు కిలోమీటర్లు చుట్టు తిరిగి పోతాను. మోకాళ్ళ నొప్పులకు మట్టిరోడ్డే మంచిదని అందరికీ చెబుతాను.

నా అంకె కింద ఇళ్ళు లేవు. నీ అంకె కింద మీ నాయనమ్మ పడుకుంటుంది. మృగశిర కార్తెకు ఇంకా యాభై రోజులుంది.

పద్మారాణి


నవాగామ్
మే 12

పెద్దమ్మకు,

నీ ఉత్తరం అందిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. అయిదుసార్లు రాయబోయి చింపేశాను.

నువ్వు అనుకున్నదే నిజం. ఆ రోజు ఆరు చోట్లు సరిగ్గానే కొలిచాను. ఏడో చోటికి అడుగు వేయగానే కాలు బురదలో తొడదాకా దిగింది. కింద ఏదో మెత్తగా పాదానికి చుట్టుకుంది. నోరు తెరిచాను కానీ అరుపు రాలేదు. తాడు పట్టుకుని ఎలా వెనక్కి వచ్చానో తెలియదు. ఒడ్డున కూర్చుని, మిగతా ఆరు చోట్లకూ ఆ మొదటి ఆరు అంకెలనే వెనక నుంచి ముందుకు రాసేశాను. ఆ కుడి సగం ఎలా ఉంటుందో నేను చూడనే లేదు. మళ్ళీ దిగుదామని రెండు రోజులు అనుకున్నాను. తరువాత సార్ లెక్క కట్టేశారు, బాపు గీత గీసేశాడు. ఆ తరువాత ప్రతి పూటా చెప్పడం ఇంకా కష్టమవుతూ వచ్చింది.

మొదట భావనకు చెప్పాను. "నేను జోల్వా వెళ్ళకుండా ఉంటే నీకిలా అయ్యేది కాదు, నాకూ ఇందులో భాగముంది" అని నాతోపాటు సార్ గదికి వచ్చింది. సార్ పట్టిక తీసి, వేలితో ఆ ఆరు అంకెల మీద గీసుకుంటూ, "నేనూ చూసుకోవలసింది" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

శనివారం మళ్ళీ దిగాను. నడుముకు తాడు, ఆ కొస భావన చేతిలో. ఒడ్డున సార్. ప్రతి అడుగుకూ భావన "ఉన్నాను, ఉన్నాను" అంటూనే ఉంది. ఏడో చోట ఇరవై సెంటీమీటర్లు, ఎనిమిదో చోట పద్దెనిమిది, పదో చోట పదకొండు. నీళ్ళ కింద అంతా పూడిక పెద్దమ్మా. సాంచాల నుంచి పారేసిన చిందీ గుడ్డ పీలికలు, వాటి మీద బురద, మళ్ళీ గుడ్డలు. ఆ రోజు నా కాలికి చుట్టుకున్నది అదే. కర్ర గుచ్చితే గుడ్డలే తగులుతాయి, చక్రం తిరిగేంత నీళ్ళు కూడా లేవు. మా గల్లీ ఉన్నది ఆ కుడి ఒడ్డు పక్కనే.

సార్ మళ్ళీ లెక్క కట్టారు. వరద వస్తే నీళ్ళు ఆ పూడిక దగ్గర ఆగి, కల్వర్టు దాకా పోకుండానే మా గల్లీలోకి తిరుగుతాయట. కల్వర్టు దగ్గర ఎర్ర గీతను తాకేసరికి మా ఇళ్ళల్లో మనిషి ఛాతీ లోతు ఉంటుందట. కొత్త గీత అరవై సెంటీమీటర్లు కిందికి రావాలి. పూడిక తీయించమని సార్ రాశారు, వానలలోపు అవుతుందని ఆయనకే నమ్మకం లేదు.

కాగితంలో "పూడిక వల్ల సవరణ" అని రాశారు. నా సంగతి రాయలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. దానికి కూడా సిగ్గుపడుతున్నాను.

నీరజ


మానేరు ఒడ్డు
మే 23

బిడ్డా,

మళ్ళీ దిగావు. నేను ఆ మెట్లు మళ్ళీ దిగలేకపోయాను. నీ ఉత్తరం మీ పెద్దనాన్నకు చదివి వినిపించి ఇద్దరం ఏడ్చాం. ఇంతకంటే పొగడ్త నాకు చేతకాదు.

ఒక్క మాట. భావనకు చెప్పావు, సార్‌కు చెప్పావు, నాకు చెప్పావు. మీ బాపుకు చెప్పావా? కాగితంలో సార్ ఏం రాసుకున్నా, గల్లీలో నీ లెక్కకు జవాబుదారుగా నిలబడింది ఆయన.

పద్మారాణి


నవాగామ్
జూన్ 22

పెద్దమ్మకు,

చెప్పలేదు. చెప్పబోయిన రోజు ఆయనకు ఒళ్ళు వెచ్చబడింది. తరువాత నాయనమ్మకు దగ్గు. సాకులని నాకూ తెలుసు.

సార్ మనుషులు వచ్చి ఎర్ర గీతకు మూడు జానల కింద పసుపు గీత గీసి వెళ్ళారు. ఎర్రదాన్ని చెరపమని సార్ అంటే బాపు అడ్డం పడ్డాడు. "ఉండనీయుండ్రి సాబ్, పసుపుది మీది, ఎర్రది మాది" అన్నాడు. ఇప్పుడు గల్లీ అంతా అదే మాట. పసుపు గీత ఆఫీసోళ్ళది, ఉత్త పుణ్యానికి ఇళ్ళు ఖాళీ చేయిస్తారు. ఎర్ర గీత రాజమల్లు బిడ్డది, అంటే నాది, మనిషి దిగి కొలిచింది. పసుపుదే నిజం బాపూ అని నేనే పది సార్లు అన్నాను. "నువ్వు భయపడ్తున్నవ్ బిడ్డా, నీకు చిన్నప్పటి సంది గదే. సార్ జర దబాయిస్తే నీ లెక్క నువ్వే ఇడ్సిపెడ్తవా" అని నా తల నిమిరాడు. ఆ చేయి తల మీద ఉండగా నోరు ఎలా తెరవను?

మొదటి వానలు పడ్డాయి. రోజుకు మూడుసార్లు కల్వర్టు దగ్గరికి వెళ్ళి చూస్తున్నాను. పైన పల్సానా వైపు మబ్బు పట్టినా మళ్ళీ పరుగెత్తి చూస్తున్నాను. పూడిక ఎవరూ తీయలేదు. ఆయనకు చెబితే నన్నెలా చూస్తాడో అని భయం. చెప్పకపోతే ఏమవుతుందో అని ఇంకో భయం. రెంటిలో ఏది పెద్దదో రోజుకో తీరుగా ఉంటోంది.

నీరజ


మానేరు ఒడ్డు
జులై 2

నీరజా,

ఈ కార్డు పోస్టుమ్యాన్ చదివినా, గల్లీ అంతా చదివినా నాకు పట్టదు. ఈ పూటే చెప్పు. నన్ను చూసి నేర్చుకోకు.

పెద్దమ్మ


మునిసిపల్ స్కూలు, నవాగామ్
జులై 19

పెద్దమ్మకు,

మేమంతా బతికే ఉన్నాం. అమ్మ ఫోన్లో ఏడుస్తూ ఏం చెప్పిందో ఏమో, ముందు ఈ మాట రాస్తున్నాను.

నీ కార్డు ఎనిమిదో తేదీన అందింది. అప్పుడూ చెప్పలేదు. పదిహేనో తేదీ తెల్లవారినప్పటి నుంచి వాన. తొమ్మిదిన్నరకు నీళ్ళు పసుపు గీతను తాకాయి. భావన ఆల్థాన్ నుంచి ఫోన్ చేసి పైన ఎంత వాన పడిందో చెప్పింది. నేను ఒక్కో తలుపూ కొట్టుకుంటూ పోయాను. పన్నెండు ఇళ్ళవాళ్ళు మూటలు సర్దుకుని మెరక మీద ఉన్న ఈ స్కూలుకు వచ్చారు. అమ్మను వాళ్ళతో పంపాను. మిగతా పదకొండు ఇళ్ళు కదలలేదు. బాపు పాళీ నుంచి వచ్చి నాయనమ్మకు చాయ్ తాగిస్తున్నాడు.

"ఇప్పుడే చూసొచ్చిన. నీళ్ళు ఎర్ర గీతను ముట్టనీకి ఇంక జానెడు మీదనే ఉన్నది. ముసల్దాన్ని వానల తడిపి సంపుతవా?" అన్నాడు.

ఆ మాట అనగానే వెనక గోడ అడుగు నుంచి నీళ్ళొచ్చాయి. సార్ చెప్పినట్టే ఖాడీ తిరిగింది. నిమిషాల్లో మోకాలు దాటింది. లక్ష్మీరాజం మామ గడపలో నిలబడి "ఎర్రది ముట్టలే కదా, ఇవి మోరీ నీళ్ళు, గుంజుకపోతయ్" అని అందరికీ ధైర్యం చెబుతున్నాడు. నేను మా గడప దిగి గల్లీ మధ్యలోకి వచ్చాను. తొడలదాకా నల్లటి నీళ్ళు. ఊపిరి ఆడలేదు. అయినా అరిచాను.

"బాపూ, నేను ఆ దిక్కు పోలే. కుడి ఒడ్డు దిక్కు ఒక్క అడుగు వెయ్యలే. భయమై ఒడ్డు మీద కూసోని లెక్కలు రాసిన. ఎర్ర గీత అబద్ధం. నేనే అబద్ధం రాసిన."

పదకొండు ఇళ్ళూ విన్నాయి. బాపు నా ముఖం వైపు చూడలేదు. ముందు వెనక గోడను చూశాడు, తరువాత నాయనమ్మను చూశాడు. చాయ్ గ్లాసు అలమరలో పెట్టి, ఆమెను భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆయన కదలగానే మిగతా వాళ్ళూ కదిలారు. మేము మలుపు చేరేసరికి బాపుకు ఛాతీ దాకా నీళ్ళు. మా వరుసలో నాలుగు ఇళ్ళ వెనక గోడలు మధ్యాహ్నానికి కూలాయి, మాది వాటిలో ఒకటి. కల్వర్టు మీద ఎర్ర గీత ఆ రోజంతా తడవలేదట. భావన చూసి వచ్చి చెప్పింది.

ఎవరూ పోలేదు. తడిసినందుకు నాయనమ్మకు వచ్చిన జ్వరం తగ్గింది. గల్లీవాళ్ళు నన్ను ఏమీ అనడం లేదు, చివరికైనా చెప్పింది కదా అంటున్నారు. లక్ష్మీరాజం మామ భార్య నాకు అన్నం కూడా పెట్టింది. సార్‌కు నా చేత్తో కాగితం రాసిచ్చాను, ఈసారి పూడిక మాట లేకుండా, నేను చేసిందే. శిక్షణలో ఉంచుతారో లేదో తెలియదు. దాని గురించి నాకిప్పుడు బెంగ లేదు.

బాపు తిట్టలేదు, కొట్టలేదు. మామూలుగానే మాట్లాడుతున్నాడు. నేను తెచ్చిన చాయ్ తాగుతున్నాడు. ఇవాళ పొద్దున నేను గల్లీ దాకా వెళ్ళి వచ్చాను. ఆయన స్కూలు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"నీళ్ళు తీసినయా?" అన్నాడు.

"తీసినయ్ బాపూ. మోకాలు కిందికున్నయ్."

"చూసి చెప్తున్నవా?"

"చూసే చెప్తున్న."

ఆయన తలూపాడు. లేచి చెప్పులు వేసుకుని, తను స్వయంగా వెళ్ళి చూసి వచ్చాడు.

నీ
నీరజ